కాగితమును చదువు కాంతిరేఖ

హైదరాబాదు నగరమున అమీర్‌పేట, పంజగుట్టలకు చేరువగా, యూసుఫ్‌గూడ త్రోవలో కృష్ణానగర్ అను పేట కలదు. చలనచిత్ర పరిశ్రమలో చిన్నచిన్న పనులు చేసికొని బ్రదుకువారికి ఇది చిరకాలముగా నివాసస్థానము. అన్నపూర్ణా స్టూడియో ఒకవంక, సారథీ స్టూడియో మరియొకవంక దగ్గరలోనే యున్నవి. అమీర్‌పేటలో కంప్యూటరు విద్య నేర్పు కేంద్రములు వీధి వీధిన కలవు. ఇట్టి చోట జిరాక్సు దుకాణములకు కొదువ యుండదు. వేషము కోరువాని ఛాయాచిత్రము, కథారచయిత చేతివ్రాత, ఉద్యోగార్థి పట్టా, అద్దె ఒప్పందము అన్నియు ఒకే గాజుపలకపైకి వచ్చును. మూత వేయగనే పలక అడుగున ఒక వెలుగుగీత ఈ చివరనుండి ఆ చివరకు సాగును. అది సాగిన కొద్ది సెకండ్లలో కాగితము కొన్ని లక్షల అంకెలుగా మారిపోవును.

దుకాణదారు దీనిని జిరాక్సు అనినను, స్కాను అనినను గిరాకీకి భేదము తోచదు. నేడు రెండు పనులను ఒకే యంత్రము చేయుచుండుటయే ఇందుకు కారణము. కాని ఈ రెండును వేరువేరు త్రోవల వచ్చి యిటీవలనే కలిసికొన్నవి. 1938 అక్టోబరు 22వ తేదీన న్యూయార్కు నగరపు ఆస్టోరియా ప్రాంతమున చెస్టర్ కార్ల్‌సన్ పొడితో తొలి నకలు తీసెను. ఆ పద్ధతిపై పనిచేయు జిరాక్సు 914 యంత్రము 1959లో వెలువడినది. ఆ పాత యంత్రములలో కాగితముపై పడి మరలిన కాంతి తిన్నగా సెలీనియము పూసిన దిమ్మెపై పడును. వెలుగు తగిలిన చోట విద్యుదావేశము తొలగును. అక్షరపు నీడ పడిన చోట నిలుచును. నిలిచిన చోట నల్లని పొడి యంటుకొనును. ఇందులో కొలత లేదు, అంకె లేదు. ఒక కాగితమునకు మరియొక కాగితము పుట్టుటతో పని ముగియును. స్కానరు అట్లు కాదు. అది కాగితమునందలి ప్రతి చోట ఎంత వెలుగు మరలినదో కొలిచి ఆ కొలతను దాచును. కొలత యొకటి చేతిలో నున్నచో దానిని తంతిపై పంపవచ్చును, పెంచవచ్చును, వెదకవచ్చును, చెడగొట్టవచ్చును కూడ.

ఈ కొలుచు విద్య కంప్యూటరు కంటె చాల పాతది. స్కాట్లండు దేశీయుడగు అలెగ్జాండర్ బెయిన్ గడియారములు చేయువాడు. 1843లో ఇతడు పొందిన పేటెంటులో నేటి స్కానరు మూలసూత్రము సంపూర్ణముగా కనిపించును. లోహపు అక్షరములను ఒక పలకపై పేర్చి, వానిమీదుగా లోలకమునకు కట్టిన లోహపు ములుకు ఊగునట్లు చేయవలెను. ములుకు లోహమును తాకినపుడు విద్యుత్తు ప్రవహించును. ఖాళీలో నున్నపుడు ఆగును. తంతికి అవతలి కొనయందు మరియొక లోలకము అదే వేగమున, రసాయనమున తడిపిన కాగితముపై ఊగుచుండును. విద్యుత్తు వచ్చినపుడు కాగితము రంగు మారును. ప్రతి ఊపునకు పలకయు కాగితమును ఒక గీత మేర క్రిందికి జారును. బొమ్మను గీతలుగా కోయుట, గీతను బిందువులుగా చదువుట, అవతల తిరిగి పేర్చుట — ఈ మూడును బెయిన్ నాడే యున్నవి. రెండు లోలకములను ఒకే తాళమున నడపుట మాత్రము దుర్ఘటమైనది. ఒకటి రవ్వంత వెనుకబడినను అక్షరములు వాలిపోవును.

ఫ్రెడరిక్ బేక్‌వెల్ లోలకమునకు బదులు తిరుగు స్తూపమును వాడి తన యంత్రమును 1851 నాటి లండను మహాప్రదర్శనమున చూపెను. ఇటలీ దేశపు క్రైస్తవాచార్యుడు జియోవన్నీ కాసెల్లి రెండు మీటర్ల ఎత్తు గల ఇనుప యంత్రముతో 1865లో పారిస్, లియాన్ నగరముల నడుమ ప్రజలకు ఉపయోగపడు సేవ నెలకొల్పెను. ఆ యంత్రమునకు దొరికిన ముఖ్యమైన పని బ్యాంకులకు సంతకములు పంపుట. అక్షరములు పంపుటకు టెలిగ్రాఫు చాలును. కాని సంతకమున అక్షరము ముఖ్యము కాదు, దాని వంపు ముఖ్యము. ఈ సంగతి ఇక్కడ చెప్పుటకు కారణము కలదు. నూటముప్పది యేండ్ల తరువాత మన రాష్ట్రమునకు స్కానరు పెద్దయెత్తున వచ్చినదియు ఇట్టి పనికొరకే.

లోహము తాకిన దాకనిది కాక, మామూలు కాగితముపై సిరాను చదువవలెనన్నచో కాంతిని విద్యుత్తుగా మార్చు పదార్థము కావలెను. 1873లో విల్లోబీ స్మిత్ సముద్రాంతర తంతులను పరీక్షించుచు, వెలుగు పడినపుడు సెలీనియము విద్యుత్తును సులభముగా ప్రవహింపనిచ్చునని ప్రకటించెను. ఆ పదార్థముతోనే 20వ శతాబ్ది తొలి దశకమున జర్మనీలో ఆర్థర్ కార్న్ ఛాయాచిత్రములను తంతిపై పంపెను. తరువాత పత్రికలవారు ఈ విద్యను చేపట్టిరి. ఆ కథ విస్తారమైనదే కాని ప్రస్తుతమునకు అంతగా అవసరము లేదు.

అంకెల రూపమున బొమ్మ తొలిసారి కంప్యూటరులో చేరినది 1957లో. అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్ అను ఇంజనీరు, అతని సహచరులు ఒక తిరుగు స్తూపముపై చిన్న ఛాయాచిత్రము అంటించి, దానిపై వెలుగు పారించి, మరలిన కాంతిని ఫోటోమల్టిప్లయరు గొట్టముతో పట్టిరి. ఆ చిత్రము కిర్ష్ మూడు నెలల కుమారుడు వాల్డెన్‌ది. నిడివి, వెడల్పు 5 సెంటీమీటర్లు. దానిని అడ్డముగా 176, నిలువుగా 176 గళ్ళుగా విడదీసిరి. అనగా మొత్తము 30,976 చుక్కలు. పోచంపల్లి నేతపనికి ముందు గళ్ళ కాగితముపై నమూనా గీసి, ఏ గడికి ఏ రంగో నిర్ణయించుకొందురు. కిర్ష్ చేసినదియు అదియే. కాని అతని గడికి నలుపు, తెలుపు రెండే రంగులు. ముఖమును రెండు రంగులలో చూపిన మసిబొమ్మ వంటిది వచ్చినది. అందుచేత నలుపునకును తెలుపునకును నడిమి హద్దును ఒక్కొక్క మారు ఒక్కొక్క చోట నుంచి అదే చిత్రమును పలుమారులు చదివించి, ఫలితములను కలిపి బూడిదరంగు ఛాయలు సాధించిరి. ఈ హద్దు విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. తెలుగు పుస్తకముల భాగ్యము తరువాత దీనిమీదనే ఆధారపడినది.

ఫోటోమల్టిప్లయరు గొట్టము ఒక సమయమున ఒక బిందువునే చూడగలదు. ఒక వరుసలోని బిందువులన్నిటిని ఒక్కమారే చూడగల కన్ను 1969 తరువాత వచ్చినది. ఆ యేట బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బోయిల్, జార్జి స్మిత్ అనువారు సి.సి.డి. అను అర్ధవాహక పరికరమును రూపొందించిరి. అందులకు వారికి 2009లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. సిలికాను పలకపై వరుసగా చిన్న గదులున్నవనుకొనుడు. గదిపై వెలుగు పడినపుడు ఎలక్ట్రానులు విడుదల యగును. వెలుగు హెచ్చినకొలది అవియు హెచ్చును. తరువాత ఈ ఆవేశమును బయటికి తేవలెను. ప్రతి గదికి ప్రత్యేకముగా తీగ అమర్చుట కష్టము. పల్లెలో పూరిండ్లు అంటుకొన్నపుడు చెరువునుండి జనులు బారులు తీరి కడవలను చేతినుండి చేతికి అందింతురు కదా! అట్లే ఒక గదిలోని ఆవేశము పక్క గదికి, అది ఆపై గదికి మారుచు చివరి గదికి చేరును. అచటనే కొలత జరుగును. కడవల వరుస మారదు గనుక, ముందు వచ్చిన కడవ ఏ గదిదో, వెనుక వచ్చినది ఏ గదిదో తెలియును.

దుకాణములలోని పలక స్కానరున జరుగునది ఇదియే. దీపము కాగితముపై సన్నని పట్టీ మేర వెలుగు పారించును. తెల్లని చోటు ఎక్కువ వెలుగును, సిరా తక్కువ వెలుగును మరల్చును. మరలిన కాంతి రెండు మూడు దర్పణములపై మలుపులు తిరిగి, కటకము గుండా చిన్నదై, సి.సి.డి. వరుసపై పడును. రంగుల కొరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము వడపోతలు గల మూడు వరుసలుండును. వచ్చిన ఆవేశమును 0 మొదలు 255 వరకు గల అంకెగా మార్చుదురు. ఒక వరుస చదివిన తోడనే మోటారు దీపమును రవ్వంత ముందుకు జరుపును.

ఎన్ని అంకెలగునో విద్యార్థులు తామే లెక్కించవచ్చును. మామూలు ఏ-4 కాగితము వెడల్పు 21 సెంటీమీటర్లు, నిడివి 29.7 సెంటీమీటర్లు. అంగుళమునకు 300 చుక్కల చొప్పున చదివినచో అడ్డముగా 2,480, నిలువుగా 3,508. గుణించినచో సుమారు 87 లక్షలు. రంగులకు దానికి మూడు రెట్లు. చుక్కల సంఖ్యను అంగుళమునకు 600 చేసినచో లెక్క రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లగును. పరీక్షలలో పిల్లలు తరచుగా తప్పు చేయు చోటిది.

ఇక్కడ ఒక చిన్న ప్రక్కదారి. కృష్ణానగరునకు ఉత్తరమున కొద్ది కిలోమీటర్ల దూరములో బాలానగర్ కలదు. జాతీయ దూరగ్రాహ్య కేంద్రము అక్కడ నున్నది. 1988 మార్చి 17వ తేదీన భారతదేశము ప్రయోగింపించిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహము 904 కిలోమీటర్ల ఎత్తునుండి భూమిని పరిశీలించినది. దాని లిస్-1 కెమెరాలో ఒక్కొక్క వర్ణపట్టికకు 2,048 గదుల సి.సి.డి. వరుస యొకటి యుండెను. ఒక్కొక్క గది భూమిపై 72.5 మీటర్ల మేర చూచును. 2,048ని 72.5 చేత గుణించినచో సుమారు 148 కిలోమీటర్ల వెడల్పు పట్టీ వచ్చును. ఉపగ్రహము తానే ముందుకు సాగుచుండును గనుక వేరుగా మోటారు అక్కరలేదు. పలకపై కాగితమును చదువు యంత్రమునకును, గోదావరి డెల్టాను చదివిన యంత్రమునకును సూత్రమున భేదము లేదు.

స్కానరులలో రకములు పెక్కు కలవు. తిరుగు స్తూపపు యంత్రములు ఖరీదైనవైనను మిక్కిలి సూక్ష్మముగా చదువును; రంగుల ముద్రణకు అచ్చుపలకలు సిద్ధపరచు శాలలలో అవి చాలకాలము వెలిగినవి. కాగితములను కట్టగా పెట్టినచో ఒక్కొక్కటి తానే లాగుకొను యంత్రములు కార్యాలయములకు తగినవి. వానికి నలిగిన కాగితమును, గుండుసూదిని చూపరాదు. నేటి చౌక యంత్రములలో దర్పణములు, పెద్ద కటకము ఉండవు. కాగితమంత వెడల్పు గల గ్రాహకముల వరుస గాజునకు దాదాపు ఆనుకొని యుండును. నడుమ కడ్డీల వంటి సన్నని కటకములు, ప్రక్కన వంతులవారీగా వెలుగు మూడు రంగుల దీపములు. ఇది పలుచనిది, విద్యుత్తు తక్కువ తినును. కాని దీని చూపు దగ్గరిది. లావుపాటి పుస్తకమును బోర్లించినపుడు నడిమి కుట్టు వద్ద కాగితము గాజునుండి కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచును. అచటి అక్షరములు అలుక్కుపోవును. దర్పణముల యంత్రము ఆ ఎత్తును కొంతవరకు ఓర్చుకొనును. దుకాణమునకు పాత పుస్తకము తీసికొనిపోవువారు ఈ భేదము నెరిగి యుండుట మేలు. చేతిలోని ఫోను కూడ నేడు స్కానరు పని చేయుచున్నది; అది వరుసను కాక పుట నంతటిని ఒక్కమారే చూచి, వంకరను లెక్కచేత సరిదిద్దును.

తాళపత్రములకు ఈ పలక యంత్రములేవియు పనికిరావు. వందల యేండ్ల ఆకును గాజుపై ఒత్తినచో విరుగును. పైగా ఆ అక్షరము సిరాతో వ్రాసినది కాదు, గంటముతో గీసినది. మసి వెలిసిపోయిన ఆకుపై సూటిగా పడిన వెలుగు గీతను చూపదు. ప్రక్కనుండి ఏటవాలుగా పడిన వెలుగే గీతయందు నీడ పుట్టించి అక్షరమును చూపును. అందుచేత వానిని పైనుండి కెమెరాతోనే తీయవలెను.

మన ప్రాంతమున స్కానరు సామాన్యుని జీవితములో ప్రవేశించినది రిజిస్ట్రేషను కార్యాలయముల ద్వారా. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఇల్లుగాని, పొలముగాని అమ్మిన దస్తావేజును కార్యాలయమందలి పుస్తకములో నకలు వ్రాసి, తరువాత అసలును తిరిగి యిచ్చెడివారు. ఈ నకలును గుమాస్తాలు చేతితోనే ఎత్తి వ్రాసిరి. పదుల యేండ్లు ఇట్లు సాగినది. దస్తావేజు చేతికి వచ్చుటకు రోజులు పట్టెడిది. ఎత్తి వ్రాయుటలో సర్వే నంబరులో ఒక్క అంకె తారుమారైనచో ఆ కుటుంబము న్యాయస్థానముల చుట్టు తిరుగవలసి వచ్చెడిది. సంతకములు, వ్రేలిముద్రలు నకలులోనికి రానే రావు. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'కార్డు' అను పథకము ననుసరించి రెండువందలకు పైగా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములలో కంప్యూటరులు నెలకొల్పినది. చేతివ్రాత నకలుకు బదులు దస్తావేజు బింబమునే స్కానరుతో తీసి దాచుట మొదలైనది. కాసెల్లి యంత్రము బ్యాంకులకు చేసిన పనియే ఇది: వ్రాత అర్థమును కాదు, వ్రాత రూపమును నిలుపుట.

ఇందులోను ఒక చిక్కు కలదు. బింబము చుక్కల సమూహమే కాని అక్షరముల సమూహము కాదు. అమ్మినవాని పేరు చెప్పి వెదకుమన్నచో యంత్రము ఆ చుక్కలనుండి పేరును తీయలేదు. అందుచేత పేర్లు, సర్వే నంబరులు వేరుగా అచ్చుకొట్టి సూచిక తయారు చేయవలసినదే. 2001లో కేంద్ర చట్టమునకు 16ఎ అను విభాగము చేరి, పుస్తకములను కంప్యూటరు ఫ్లాపీలలోను, డిస్కెట్లలోను ఉంచుటకు అనుమతి దొరికినది. నేటి విద్యార్థులలో ఫ్లాపీని కంటితో చూచినవారు అరుదు. 1908 నాటి సిరా నకళ్ళను చదువుటకు మాత్రము కళ్ళు చాలును.

దస్తావేజుల తరువాత పుస్తకముల వంతు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగు బహుమానము పొందిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి పది లక్షల పుస్తకముల పథకమును నడిపెను. భారతదేశమున బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థకు చెందిన ఎన్. బాలకృష్ణన్ దీనికి ముఖ్యులు. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ దీనికి పెద్ద కేంద్రమైనది. 1891లో అసఫియా గ్రంథాలయముగా వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునను, తిరుమల తిరుపతి దేవస్థానమునను పుస్తకములు స్కాను చేసిరి. వాడిన యంత్రము మినోల్టా పి.ఎస్. 7000. పుస్తకమును వెల్లకిలా తెరచి యుంచవచ్చును. కన్ను పైన నుండును. కుట్టునకు దెబ్బ తగులదు. 2007 నవంబరు నాటికి అన్ని దేశములలో కలిపి 15 లక్షల పుస్తకములు పూర్తియైనట్లు ప్రకటించిరి.

ఇంత తొందర యెందుకన్న ప్రశ్న రావచ్చును. 19వ శతాబ్ది చివరనుండి ముద్రణకు వాడిన చౌక కాగితమున ఆమ్లము మిగిలి యుండును. అది నారను క్రమముగా తినివేయును. పుట పసుపుబారి, మడచినచో అప్పడము వలె విరుగును. పైగా ప్రమాదములు. 2000 ఆగస్టులో కురిసిన కుండపోత వానకు హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రములోని ఉర్దూ పుస్తకములు, పత్రికలు నీట మునిగినవి. ఒకే ప్రతి మిగిలిన పుస్తకమునకు అట్టి రాత్రి యొకటి చాలును.

కాని పది లక్షల పుస్తకములను ఆనాటి కంప్యూటరులలో పట్టించుట యెట్లు? బూడిదరంగు ఛాయలు వదలి, అంగుళమునకు 600 చుక్కల చొప్పున, నలుపు తెలుపులుగా మాత్రమే దాచవలెనని నిర్ణయించిరి. అపుడు చుక్కకు ఒక్క బిట్టు చాలును. దానినైన పూర్తిగా వ్రాయనక్కరలేదు. ఒక వరుస పై వరుసను పోలియున్నచో, మారిన చోట్లను మాత్రము గుర్తించిన చాలును. ఈ కుదింపు పద్ధతి ఫ్యాక్సు యంత్రముల కొరకు 1984లో ప్రమాణముగా ఏర్పడినది. అనగా బెయిన్ వంశమునుండి వచ్చిన సొత్తు.

ఈ నిర్ణయము ఆంగ్ల పుస్తకములకు అంతగా హాని చేయలేదు. తెలుగు సంగతి వేరు. పాత పుట యేకరీతిగా తెల్లగా నుండదు; అంచులు ముదురు, నడుము లేత. హద్దును ఒక చోట నిలిపినచో అంచులు నల్లని మచ్చలగును. మరియొక చోట నిలిపినచో లేతసిరా గీతలు మాయమగును. ఆంగ్లాక్షరమున ఒక మూల పోయినను ఊహింపవచ్చును. తెలుగున 'ఫ'కును 'ప'కును భేదము అడుగునున్న చిన్న గీత. అది పోయినచో ఫలము పలమగును. 'ధ', 'ఢ' లకును అదే గతి. కిర్ష్ పలుమారులు చదివించి తప్పించుకొనిన ఆపదకే మన పుస్తకములు ఒక్క చదువుతో లోనైనవి. వానిలో కొన్నిట పుటలు ఒరిగినవి, కొన్నిట పుటలు తప్పిపోయినవి, కొన్నిట పుట పట్టుకొనిన వ్రేళ్ళు కూడ చిత్రములో నిలిచినవి. రోమను లిపిలో వ్రాసిన పుస్తకముల పేర్లు గుర్తుపట్టరానివి చాలయున్నవి. అయినను ఆ పని జరుగక యుండిన నేడు అనేక తెలుగు గ్రంథములు చదువరులకు దొరకవు. ఆ భారత డిజిటల్ గ్రంథాలయపు ద్వారములు తరువాత మూతబడినపుడు, ఇంటర్నెట్ ఆర్కైవునకు అదివరకే చేరిన ప్రతులే ఆదుకొన్నవి.

చుక్కలను అక్షరములుగా గుర్తించు యత్నము తెలుగున ముందుగానే మొదలైనది. 1977లో రాజశేఖరన్, బి. ఎల్. దీక్షితులు అనువారు అచ్చుతెలుగు అక్షరములను యంత్రముచే గుర్తింపజేయుటపై పరిశోధన వ్యాసము ప్రకటించిరి. ఈ దీక్షితులే తరువాత బాలానగరులోని దూరగ్రాహ్య సంస్థకు సంచాలకులైరి. 2001లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, బి. కృష్ణ అనువారు మరియొక మార్గము చూపిరి. గుణింతములు, వత్తులు కలిసి తెలుగున సుమారు 10,000 ఆకృతు లేర్పడునని వారి అంచనా. అన్నిటిని నేర్పుటకు బదులు, ఒకదాని కొకటి తగులక విడిగానుండు ముక్కలను తీసికొని 370 నమూనాలతో పోల్చిరి. నూటికి 92 సరిగా వచ్చినవి. మంచి ఫలితమే. అయినను వేయి ముక్కలున్న పుటలో 80 తప్పులుండును. ఇటీవలి నాడీజాల పద్ధతులు తప్పులను చాల తగ్గించినవి. కాని స్కానరు పారవేసిన గీతను ఏ పద్ధతియు చూడలేదు, ఊహింపగలదు అంతే.

పాఠశాలలో చేయదగిన పరీక్ష యొకటి కలదు. పాత తెలుగు పుస్తకములోని ఒక పుటను దగ్గరి దుకాణములో మూడు విధములుగా స్కాను చేయింపుడు: అంగుళమునకు 100 చుక్కలు నలుపు తెలుపు, 300 చుక్కలు నలుపు తెలుపు, 300 చుక్కలు బూడిదరంగు. 100 చుక్కలకు ఒక్కొక్క చుక్క కొలత పావు మిల్లీమీటరు. 300 చుక్కలకు దాదాపు 0.085 మిల్లీమీటరు. చిన్న అచ్చులో వత్తుగీత మందము 0.2 మిల్లీమీటరు అనుకొన్నచో, మొదటిదానిలో గీతకు ఒక్క చుక్కయు నిండదు. రెండవదానిలో రెండు చుక్కలు దక్కును. మూడు చిత్రములను తెరపై ఒకే పరిమాణమునకు పెంచి, 'ఫ', 'ధ', 'ఢ' ఉన్న చోట్ల వేలు పెట్టి లెక్కింపుడు. లేతసిరా పడిన చోట్ల రెండవ చిత్రము వదలిన గీతలలో కొన్ని మూడవదానిలో కనబడును.